కూతురికి అక్క

ఫోను మేడం నంబరు నుంచే వచ్చింది. "చెప్పండి మేడం" అన్నాను. అవతలి గొంతు మేడంది కాదు, వయసులో ఉన్న ఆడపిల్లది.

"నేనే, మేడం. అక్క పోయింది. తెల్లవారుతానే."

అంతమాత్రం చెప్పి ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. నేను కాలేజీలో నా గదిలో ఉన్నాను. ఎదురుగా కూతుర్ని ఇంటర్లో చేర్పించడానికి వచ్చిన మొగుడూ పెళ్ళాలు కూర్చుని ఉన్నారు. నా ఫోనులో మాటలు పక్క గదిలోకి కూడా వినపడతాయి. బాగు చేయించుకోవాలని అనుకుంటూనే ఉంటాను.

"బయల్దేరతాను తల్లీ" అని పెట్టేశాను. ఎదురుగా ఉన్నావిడ ముందుకు వంగి, "ఎవురు మేడం పోయింది?" అంది.

"నాకు చదువు చెప్పిన మేడం."

"ఫోన్లో?"

"ఆమె కూతురు."

"మరి అక్క అంటా ఉండాదే?"

"అలవాటు" అన్నాను. ఆమె సరేనన్నట్టు తలూపింది. మా వైపు చాలా ఇళ్ళల్లో పిల్లలు కన్నతల్లిని అక్కా అనో వదినా అనో పిలవడం ఉంది. ఇంట్లో చిన్నాన్నలూ మేనత్తలూ పిలిచేది విని పిల్లలూ అదే పట్టుకుంటారు. ఎవరూ తప్పుపట్టరు, ఎవరూ దిద్దరు. కాని ఈ పిల్ల విని పట్టుకున్నది కాదు. మాటలు వచ్చే వయసులో కూర్చోబెట్టి నేర్పించారు. నేర్పించింది మా మేడమే.

మేడం మాకు ఇంటర్లో కెమిస్ట్రీ చెప్పేది. ఎదురుగా ఉంటే "మీరు" అనేదాన్నే గాని మనసులో ఆమె నాకు ఎప్పుడూ "వచ్చేది, పోయేది"యే. అట్లాగే రాస్తాను. తిరుపతిలో ఒక అమ్మాయిల ప్రైవేటు కాలేజీ, చదువూ తిండీ నిద్రా అన్నీ ఒకే కాంపౌండులో. పగలు పాఠం చెప్పి, మిగతా సమయమంతా మా అంతస్తును కనిపెట్టుకుని ఉండటం ఆమె ఉద్యోగం. మా మెట్ల పక్కనే ఆమె గది.

పొట్టి మనిషి. బోర్డు పైవరస రాయాలంటే మునివేళ్ళ మీద లేచేది. గంజి పెట్టిన నగరి నేత చీర కట్టేది. పొద్దున అట్టలా నిలబడిన ఆ చీర సాయంత్రం స్టడీ అవర్ నాటికి మనిషితో పాటు వాలిపోయేది. క్లాసులోకి రాగానే కొత్త చాక్‌పీసు తీసి సగానికి విరిచేది. "నిండుగా ఉంటే కీచుమంటాది. ఇరిస్తే నోరు మూసుకుంటాది" అనేది. ఆ మాట చాక్‌పీసు గురించేనా, మా గురించా అని వెనక బెంచీలో మేం నవ్వుకునేవాళ్ళం.

పాఠం మాత్రం పుస్తకంలో ఉన్నట్టు చెప్పేది కాదు, పక్కింటివాళ్ళ మీద చాడీలు చెప్పినట్టు చెప్పేది. "సోడియం ఉండాదే, అది పిచ్చిమాలోకం. చేతిలో ఉండేది ఎవురికో ఒకరికి ఇచ్చేస్తే గాని దానికి నిద్ర పట్టదు. ఆ క్లోరిన్ సూడు, ఆబగొట్టుది. యాడ దొరుకుతాదా అని కాసుకోని ఉంటాది." ఇవాళ నేను తెలుగు చెప్పుకుని బతుకుతున్నాను, కెమిస్ట్రీ అంతా గాలికి పోయింది. సోడియం మాత్రం ఇంకా నేనెరిగిన మనిషే.

ఎవరికి మార్కులు తగ్గినా, ఎవరు ఏడ్చినా ఆమె దగ్గర ఒకటే మందు. "ఏమీ మునిగిపోదులే. మొహం కడుక్కోని రా." మునిగిపోతున్నట్టే ఉన్నా సరే, కడుక్కుని వచ్చేసరికి కొంచెం తేలినట్టుండేది. జ్వరాల కాలంలో పొద్దున్నే మంచం మంచానికీ వచ్చి చేతి వెనక వైపుతో నుదుళ్ళు తాకి చూసేది. చల్లగా ఉండేది చెయ్యి. జ్వరం లేకపోయినా కళ్ళు మూసుకుని పడుకునేవాళ్ళం, ఆ చెయ్యి ఇంకాసేపు ఉంటుందని. ఆమెది నగరి, తమిళం కలిసిన తెలుగు కదా, బాగా ముద్దొస్తే "నా సెల్లం" అనేది. పొద్దున టిఫిన్ గంటకు ముందు, జడలు వేసుకోవడం రాని పల్లెటూరి పిల్లలం ఆమె గుమ్మం ముందు మెట్ల మీద ఒకరి వెనక ఒకరం కూర్చునేవాళ్ళం. దువ్వెన పళ్ళతో కరిచి పట్టుకుని, మాట్లాడటానికి వీల్లేక ఊఁ ఊఁ అంటూ తలలు ఇటు తిప్పి అటు తిప్పి బిగుతుగా జడలేసేది. సాయంత్రం దాకా కనుబొమలు పైకి లాగినట్టుండేవి.

ఫేర్‌వెల్ రోజు మాలో ఒకమ్మాయి మైకు పట్టుకుని ఏడుస్తూ "మేడం మాకు అమ్మకన్నా ఎక్కువ" అంది. అందరం చప్పట్లు కొట్టాం. మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. మొహం ఎర్రగా ఉంది.

"అట్లా అనొద్దు. మీ యమ్మలు బతికే ఉండారు కదా? అమ్మను అమ్మ అను. నన్ను మేడం అను" అని కసిరి బయటికి వెళ్ళిపోయింది. మైకు పట్టుకున్న పిల్ల బిత్తరపోయింది. ఆమెకు పొగడ్తలు పడవు కాబోలని సర్దుకున్నాం.

ఔటింగ్ ఆదివారాలు మా అమ్మానాన్నలు క్యారియర్లతో వచ్చేవారు. మేడంను చూడటానికి నగరి నుంచి ఆమె అమ్మా చెల్లెలూ వచ్చేవారు. అట్లా అని మాకు చెప్పారు. అమ్మకు జుట్టు సగం నెరిసింది. చెల్లెలికి నాలుగేళ్ళుంటాయి. నెత్తికి నిండా నూనె, రెండు పిలకలు, కాళ్ళకు గజ్జెలు. ఆ పిల్ల ముసలామెను "అమ్మా" అనేది, మేడంను "అక్కా" అనేది. మాకు నవ్వాగేది కాదు. "ఏం మేడం, మీకూ మీ చెల్లికీ ఇంత తేడానా?" అని అడిగే గడుగ్గాయిలూ ఉండేవాళ్ళు. వంటింటి ఆయాలకైతే పండగే. "ముసిల్దానికి ఈ వయసులో సిగ్గులేకపాయె" అని ముసలామెకు వినపడేటట్టే అనేవాళ్ళు.

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "ఏం జేసేదిమ్మా. దేవుడిచ్చినాడు" అనేది. నుదుట రూపాయంత బొట్టు, చేతులకు ఎర్ర గాజులు. సంచీలోంచి మురుకులు తీసి మాకందరికీ పంచేది. ఆమెను చూసి నవ్విన మేమే ఆమె మురుకులు తినేవాళ్ళం.

అట్లాంటి ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర నేల తడిగా ఉంది. పాప చేతిలో అప్పడం పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి జారి బోర్లా పడింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. పక్కనే మేడం. అందరికన్నా ముందు ఆమే మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. పాప లేచింది, రక్తం చూసుకుంది, "అమ్మా" అని కేక పెట్టింది. పెట్టి, ఆ చాచిన చేతుల కిందుగా దూరి, హాలు అవతల నిలబడి ఉన్న ముసలామె దగ్గరికి పరుగెత్తింది.

మేడం చేతులు ఇంకా అట్లాగే ఉన్నాయి. నేను చీపురు తెచ్చేసరికి వాటిని కిందికి దించి నేల మీది అప్పడం ముక్కలు ఏరుతోంది. చిన్న చిన్న ముక్కలు కూడా.

"నేను ఊడుస్తాను మేడం."

"నేను ఎత్తుతాలే. నువ్వు పో."

అవతల ముసలామె పాపను ఎత్తుకుని, "అక్కకు సూపించు తల్లీ, అక్క మందేస్తాది" అని బతిమాలుతోంది. పాప వద్దని ముసలామె మెడలో మొహం దాచుకుంది. నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. చిన్నపిల్లకు దెబ్బ తగిలితే అక్క ఇంత చిన్నబోవడమేంటి అని మాత్రం అనిపించింది.

తర్వాత చాలా ఏళ్ళకు గాని నేను మేడంను మళ్ళీ కలవలేదు. ఆమెకు గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చి చిత్తూరులో స్థిరపడిందని విన్నాను. నేను తెలుగు ఎమ్మే చేసి, తిరుపతిలోనే ఒక ప్రైవేటు కాలేజీలో చేరి, పెళ్ళి చేసుకుని, కొడుకును కన్నాను. వాడికి మూడో నెల దాటగానే కాలేజీవాళ్ళు వస్తావా మానేస్తావా చెప్పమన్నారు. వెళ్తే అత్తగారికి అప్పజెప్పి వెళ్ళాలి. ఎటూ తేలక ఒక రోజు పిల్లవాణ్ణి ఎత్తుకుని చిత్తూరు బస్సెక్కాను. అమ్మను అడిగితే మానెయ్ అంటుంది, మొగుడు నీ ఇష్టం అంటాడు. మేడం ఏదో ఒకటి గట్టిగా చెబుతుందని ఆశ.

మేడం వసారాలో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. సగం చాక్‌పీసు పట్టుకునే ఆ వేళ్ళతోనే గింజ నొక్కితే పప్పు గిన్నెలోకి ఎగిరి పడేది. నేనూ కూర్చుని పితకడం మొదలుపెట్టాను. ముసలామె పోయిన సంవత్సరమే పోయిందని చెప్పింది. అంతలో బడి నుంచి ఒక పిల్ల వచ్చింది, పదమూడో పద్నాలుగో ఏళ్ళుంటాయి. సంచీ మూల పడేసి "అక్కా, ఆకలి" అంది. పోలికలు చూస్తే ఎవరూ చెప్పనవసరం లేదు. అదే పొట్టి, అదే నుదురు. హాస్టల్లో మాకెందుకు కనపడలేదో.

మేడం నా మొహం చూసింది. "కనుక్కున్నావు కదా" అంది. "నా కూతురే."

నేను తలూపాను. "మీ అక్క మాకందరికీ జడలేసేది తెలుసా" అన్నాను ఆ పిల్లతో. నవ్వించాలని.

ఆ పిల్ల నవ్వలేదు. "అవునా?" అంది మేడం వైపు తిరిగి. "నాకు ఎప్పుడూ అమ్మే ఏసేది. నువ్వు ఎయ్యకపోతే నీకు రాదనుకున్నా నేను." కోపంగా అనలేదు. తెలియని సంగతి తెలిసినట్టు అంది, లోపలికి వెళ్ళి అన్నం పెట్టుకుంది. నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది.

అనపగింజలు పితుకుతూనే మేడం చెప్పింది. నా వైపు చూడకుండా, గిన్నెతో చెప్పినట్టు చెప్పింది. భర్త తిరుప్పూరు బనియన్ల కంపెనీకని పోయి అక్కడే వేరే కాపురం పెట్టుకున్నాడు. చంటిపిల్లతో పుట్టింటికొచ్చింది. తిరుపతిలో ఆ కాలేజీకి ఇంటర్వ్యూకి పోతే, హాస్టల్లోనే ఉండాలి, పెళ్ళి కాని ఆడవాళ్ళకే ఇస్తామన్నారు.

"పెళ్ళి కాలేదని చెప్పేసినా. తాళి తీసి మా యమ్మ చేతికిచ్చినా. ఆదివారాలు పిల్లను తెస్తే నోరు జారుతాదని ముందే అక్కా అని నేర్పించినా. అమ్మా అంటే పలికేదాన్ని కాదు. అక్కా అంటే ఎత్తుకునేదాన్ని. అంతే, ఎంతసేపు కావల్ల పిల్లకు నేర్చుకోను?"

"మీ అమ్మగారు ఒప్పుకున్నారా?"

"మా నాయన పోయి అప్పటికే ఎంతో కాలమాయె. మొగుడు లేని మనిషికి పసిపిల్ల ఎట్లొచ్చిందని అడుగుతారు కదా. అందుకని పుత్తూరు దాటినాక బస్సులో బొట్టు పెట్టుకోని, గాజులేసుకోనేది. తిరిగి పోయేటప్పుడు పుత్తూరు రాకముందే తుడిసేసుకోని, గాజులు తీసి సంచీలో పెట్టుకోనేది. ఈ వయసులో కన్నావా అని మీరంతా నవ్వితే, నవ్వనీలే అనేది. నాకు ఆయమ్మ మొహం సూడ బుద్ధి అయ్యేది కాదు."

రూపాయంత బొట్టు, ఎర్ర గాజులు. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నానని ఆమెకు తెలుసు. నేను గింజలు పితకడం ఆపేశాను.

"ఏం చేస్తారు మేడం, బతకాలి కదా. పిల్ల కోసమే కదా" అన్నాను. అట్లాంటప్పుడు ఎవరైనా అనే మాటే.

మేడంకు కోపం వచ్చింది. ఫేర్‌వెల్ రోజు వచ్చినట్టే మొహం ఎర్రబడింది.

"బతకనీకి కాదు. అందరూ అట్లే అంటారు, నేనూ ఊఁ కొడతా. నీకు జెప్తా ఉండా, విను. నగరిలోనే చిన్నపిల్లల కాన్వెంటులో రమ్మన్నారు. ఇంటికి ఎనక ఈదే. దినమూ పిల్లను ఒళ్ళో ఏసుకోని ఉండొచ్చు. నేను పోలా. నాకు ఏ ఫర్ యాపిల్ జెప్పనీకి బుద్ధి కాలా. కెమిస్ట్రీ జెప్పాలనే పోయినా. మీ ముందర బోర్డు కాడ నిలబడితే నాకు ఆకలి తెలిసేది కాదు, పిల్ల కూడా గుర్తొచ్చేది కాదు. సంతోషంగానే ఉన్నా నేను. అదే నాకు సిగ్గు. ఏడుసుకుంటా ఉద్యోగం జేసుంటే ఇంత సిగ్గుండేది కాదు."

లోపల గిన్నె చప్పుడైంది. మేడం గొంతు తగ్గించింది.

"గవర్నమెంటు ఉద్యోగం వచ్చినాక ఇంక ఎవురికి భయం? దాన్నీ మా యమ్మనూ ఈడికి తెచ్చుకున్నా. ఇంక నన్ను అమ్మా అను అన్నా. అది నవ్వింది. మా యమ్మను సూపించి, అమ్మ ఆడుంది కదా అనింది. దినమూ అడిగినా. సిగ్గుపడేది, పారిపోయేది. ఒక దినం చాక్లెట్ ఇస్తానన్నా. వచ్చి 'అమ్మా' అని చెయ్యి చాపింది."

"ఇచ్చారా?"

"ఇచ్చినా. తినుకుంటా పోయింది. ఆ పొద్దు నుంచి మళ్ళా అడగలా."

నా కొడుకు లేచి ఏడవడం మొదలుపెట్టాడు. మేడం చేతులు కడుక్కుని వచ్చి, నేను లేచేలోగానే ఎత్తుకుంది. చేతి వెనక వైపుతో వాడి నుదురు తాకి చూసింది. "ఉద్యోగానికి పోతావా, మానుకుంటావా, నేను జెప్పను" అంది. "పోతే మాత్రం నాకు పిల్లోడున్నాడు అని జెప్పి పో. వద్దంటే ఆ గడప ఎక్కొద్దు."

నేను చెప్పే వెళ్ళాను. నాది అప్పటికే ఉన్న ఉద్యోగం, నాకు అత్తగారుంది, నాకు చెప్పడానికి పెద్ద ధైర్యం అక్కర్లేకపోయింది. ఇప్పుడు నేను వైస్ ప్రిన్సిపాల్ని. వేసవిలో కొత్త లెక్చరర్లను తీసుకునే బల్లకు ఈవల కూర్చుంటాను. ఆడవాళ్ళు వస్తే ఆ ప్రశ్న అడిగేది నేనే. మగమనిషి అడిగితే బాగుండదని కరస్పాండెంటు నాకు వదిలేశాడు. "పిల్లలున్నారామ్మా? ఎవరు చూసుకుంటారు?" గొంతులో ఎంత తేనె పోసుకుని అడుగుతానో చెప్పలేను. మగవాళ్ళను ఇంతవరకు ఒక్కణ్ణీ అడిగిన పాపాన పోలేదు. ఎవరైనా అమ్మాయి "లేరు మేడం" అని టక్కున చెప్పిందంటే, ఆమె మొహం వైపు చూడను, సర్టిఫికెట్లు తిరగేస్తాను. ఆ పూట అన్నం సయించదు. అయినా మళ్ళీ వేసవి వస్తుంది, మళ్ళీ అడుగుతాను. మేడం ఉన్నంతకాలం ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. మీ కాలేజీలో నువ్వేం చేస్తావని అడిగితే తెలుగు చెబుతానని చెప్పేదాన్ని.

ఫోను వచ్చిన రోజు మధ్యాహ్నానికి చిత్తూరు చేరాను. మేడం ఇంటి సందు మొగలోనే ఫ్లెక్సీ కట్టేశారు. మా వైపు మనిషి పోతే పాడె కన్నా ముందు ఫ్లెక్సీ లేస్తుంది. మేడం ఫోటో పెద్దది, గంజి చీరలో, నవ్వీ నవ్వనట్టు. పైన కన్నీటి నివాళి. కింద లావు అక్షరాల్లో "ఇట్లు, నీ చెల్లెలు" అని, ఆ పిల్ల పేరు.

దాని కింద నిలబడి మేడం తమ్ముడు ఫోన్లో ఫ్లెక్సీ అంగడి అతన్ని తిడుతున్నాడు. "చెల్లెలు అని ఎవురు జెప్పినారు రా నీకు? కన్నకూతురప్పా! ఊరంతా సూస్తా ఉండారు!" అవతల అతను ఏదో అంటున్నాడు. తమ్ముడు ఫోను పెట్టేసి ఇంటి వైపు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. వాకిట్లో షామియానా, కుర్చీలు. గాజు పెట్టెలో మేడం. చివరి నెలల జబ్బుకు ఇంకా పొట్టిదైపోయింది. పక్కన గోడకు ఆనుకుని ఆ పిల్ల కూర్చుని ఉంది. ఇప్పుడు పిల్లేమీ కాదు, ల్యాబులో ఉద్యోగం చేస్తోంది.

"వాడు ఫోన్ జేసి ఏమవుతారని అడిగితే నువ్వేం జెప్పినావు పాపా?" అని అడిగాడు మేనమామ.

"అక్క అని జెప్పినా మామా."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఆ పిల్ల భుజం పట్టుకుని, "ఇంకా అక్కేందే. పోయింది నీ కన్నతల్లి. నోరారా అమ్మా అని ఏడువు, మనసు తేలికపడతాది" అంది. ఆ పిల్ల ఆమె వైపు చూసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. "నాకు రాదు పెద్దమ్మా" అంది.

మేనమామ నన్ను చూశాడు. నేనెవరో చెప్పాను. "మీరు తెలుగు జెప్తారంట కదా మేడం. రెండు మాటలు రాసియ్యండి. ఫోటో తీసి పంపిస్తే గంటలో కొత్తది ఏసిస్తాడంట. బయటికి ఎత్తేలోపల మారిస్తే చాలు." ఎవరో తెల్లకాగితం తెచ్చిచ్చారు. అట్లాంటివి నేను చాలామందికి రాసిచ్చాను, చెయ్యి దానంతటదే పోతుంది. ఆ రోజు మొదటి మాట దగ్గరే ఆగింది. రాశాను.

కాగితం ఆ పిల్లకే ఇచ్చాను. "గట్టిగా చదువు తల్లీ, పొరపాట్లుంటే ఇప్పుడే దిద్దుదాం" అన్నాను. క్లాసులో పిల్లలకు ఏది రాసిచ్చినా అట్లా చదివించడం నాకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ అనేశాను. అన్న తర్వాత గాని నేనేం అడిగానో నాకు తెలియలేదు. వద్దులే ఇటివ్వు అని చెయ్యి చాపాను. ఆ పిల్ల అప్పటికే మొదలుపెట్టింది.

"అమ్మా," అంది. కామా ఉన్నచోట ఆగింది.

ఏడుస్తున్నవాళ్ళు ఏడుపాపారు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్ల కాగితం మీంచి కళ్ళెత్తకుండా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడా గొంతు వణక్కుండా చివరిదాకా చదివింది. "నువ్వు లేని ఈ ఇంట్లో నీ మాటే మాకు దిక్కు. ఇట్లు, నీ కూతురు." తర్వాత తన పేరు కూడా చదివింది. మాలో ఒక్కరం కూడా తలెత్తి ఆ పిల్ల మొహం చూడలేకపోయాం. అందరికన్నా నేను అసలే చూడలేకపోయాను.

కాగితం తీసుకెళ్ళి మేనమామ చేతికిచ్చింది.

"ఇట్లే ఏయించు మామా, బాగుండాది" అంది. "నేను పోయి అక్క పక్కన కూసుంటా."